ఒక్క చక్రంలో లోపలి బ్రేక్ ప్యాడ్ మాత్రమే ఎందుకు అరిగిపోతోంది?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆవిడ టీచరు, ఇల్లు బీచ్ రోడ్డుకు దగ్గర్లోనే. వాళ్ళ నాన్నగారు 2010లో కొన్న పెట్రోల్ స్విఫ్ట్ కారుని ఆయన పోయిన దగ్గర్నుంచి, అంటే మూడేళ్ళుగా, ఆవిడే నడుపుతున్నారు. బడికి వెళ్ళి రావడానికి రోజుకు దాదాపు 30 కిలోమీటర్లు.

పద్నాలుగు నెలల్లో ముందు చక్రాలకు రెండుసార్లు కొత్త బ్రేక్ ప్యాడ్లు వేయించారు. ఇప్పుడు మళ్ళీ వేయాలంటున్నారు. పోయిన వారం షెడ్డులో చక్రాలు విప్పినప్పుడు ఆవిడ పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీశారు. పది మిల్లీమీటర్ల మందంతో వేసిన ప్యాడ్లు 5,500 కిలోమీటర్లు తిరిగేసరికి ఇలా ఉన్నాయి: ఎడమ చక్రంలో లోపలి ప్యాడ్ ఒక చివర 1.5, ఇంకో చివర 2.5. బయటిది 8. కుడి చక్రంలో లోపలిది 8, బయటిది 8.5. అంతకు ముందు తీసేసిన సెట్టు డిక్కీలో ఒక కవర్లో ఉండిపోయింది. దాని ఫోటో చూసినా అదే తీరు.

సింహాచలం కొండ దిగేటప్పుడు మాడు వాసన వస్తోందట. ఎడమ ముందు చక్రం రిమ్ము ఎన్నిసార్లు కడిగినా రెండు రోజుల్లో నల్లబడుతోంది. మైలేజీ 16 నుంచి 13కి పడిపోయింది. ఇంట్లో తలా ఒక మాట. "మీ కాలు ఎప్పుడూ బ్రేక్ మీదే ఉంటుందమ్మా" అంటారు మెకానిక్. "డూప్లికేట్ ప్యాడ్లు వేసి డబ్బులు లాగుతున్నాడు" అంటాడు తమ్ముడు. "పదిహేనేళ్ళు దాటిన బండి, అమ్మేస్తే పోలా" అంటారు భర్త. ఆ మెకానిక్ నాన్నగారి కాలం నుంచీ ఈ బండిని చూస్తున్నాయన. ఆవిడ ఆయన్ని బాబాయ్ అంటారు. నాన్నగారు పోయినప్పుడు మూడు రోజులు షెడ్డు మూసేసి వీళ్ళింట్లోనే ఉన్నారట. అలాంటి మనిషిని నిలదీయడం ఎలాగో తెలియడం లేదని రాశారు. వచ్చే నెల వాళ్ళమ్మగారిని అరకు తీసుకెళ్ళాలని కూడా ఉంది.

ఆవిడ అడిగినవి మూడు. తప్పు నా డ్రైవింగ్‌దా? బాబాయ్‌ని అనుమానించాలా? నాన్న బండి వదులుకోవాల్సిందేనా?

అమ్మా,

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. ఉత్తరం మొత్తం ఆ బరువు మోస్తూ రాసినట్టుంది. తప్పు మీ కాలిది కాదు.

పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు కొందరికి ఉంటుంది. దానివల్ల ప్యాడ్లు త్వరగా అరిగే మాటా నిజమే. కానీ పెడల్ ఒక్కటే కదా. దాన్ని తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడి ముందు చక్రాలు రెండింటికీ ఒకేలా వెళ్తుంది. అలవాటే కారణమైతే నాలుగు ప్యాడ్లూ కలిసి అరగాలి. మీ కుడి చక్రంలో 8, 8.5 మిల్లీమీటర్లు మిగిలాయి. ఊళ్ళో ట్రాఫిక్‌లో 5,500 కిలోమీటర్లు తిరిగిన బండికి అది చాలా మంచి లెక్క. బ్రేకు పొదుపుగా వాడే మనిషి నడిపిన బండి అని ఆ కుడి చక్రమే సాక్ష్యం చెబుతోంది.

తమ్ముడికి కూడా అదే చక్రం చూపించండి. నాలుగు ప్యాడ్లూ ఒకే డబ్బాలోంచి వచ్చాయి. సరుకు నాసిరకమైతే నాలుగూ అలాగే ఉండాలి. మూడు బాగుండి ఒక్కటే కరిగిపోయిందంటే లోపం ఆ ప్యాడ్‌లో లేదు, దాన్ని పట్టుకుని ఉన్న సామానులో ఉంది. కాబట్టి ఎంత ఖరీదైన ప్యాడ్లు తెచ్చి వేసినా ఇంకో ఆరు నెలలకు మీరు మళ్ళీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ఇక మిగతాదంతా చెప్పే ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక చివర 1.5 మిల్లీమీటర్లే ఉన్న ప్యాడ్‌తో ఘాట్ దిగకండి. సింహాచలం కూడా వద్దు. మామూలుగా 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికే ప్యాడ్లు మార్చేస్తారు. అది కూడా అయిపోతే ప్యాడ్ వెనకున్న ఇనుప రేకు, చక్రంతో పాటు తిరిగే డిస్క్ అనే ఇనుప పళ్ళాన్ని గీకుతుంది. అప్పుడు డిస్క్ కూడా పోతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ వేడంతా ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ మీదుగా బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. కీచుమనే చప్పుడు వస్తే చూద్దాంలే అనుకోకండి. ఆ చప్పుడు చేసే చిన్న ఇనుప నాలుక సాధారణంగా ఒక వైపు ప్యాడ్‌కే ఉంటుంది. అది ప్యాడ్‌లో ఏ చివర ఉందో ఆ చివర అరిగితేనే అరుస్తుంది. మీ ప్యాడ్ ఏటవాలుగా అరుగుతోంది కాబట్టి ఆ అరుపు రాకపోవచ్చు. బాగుచేయించే దాకా బడికి ఆటోలోనో బస్సులోనో వెళ్ళండి. నాలుగైదు రోజుల ఇబ్బందే.

లోపల ఏం జరుగుతోందో ఇప్పుడు చూద్దాం. నేను చాలా ఏళ్ళు ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చెప్పాను. ఈ సంగతి ప్రతి బ్యాచ్‌కీ క్యాలిపర్, అంటే ప్యాడ్లనూ పిస్టన్‌నూ పట్టుకుని ఉండే సామాను, చేతిలో పెట్టి చూపించేవాణ్ణి. కాగితం మీద రాస్తే ఎంత బోధపడుతుందో గానీ ప్రయత్నిస్తాను.

పట్టకారుతో గిన్నె అంచు పట్టుకున్నట్టు రెండు ప్యాడ్లు డిస్క్‌ను రెండు వైపులా పట్టుకుంటాయి. కానీ నెట్టే పిస్టన్ ఒక్కటే, అది లోపలి వైపు ఉంటుంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్క్ మీదికి నెడుతుంది. ఆ నెట్టిన బలానికి క్యాలిపర్ మొత్తం వెనక్కి జరిగి, అవతల ఉన్న బయటి ప్యాడ్‌ను లాక్కొచ్చి డిస్క్‌కు ఆనిస్తుంది. అలా జరగడానికి దానికి రెండు స్లైడ్ పిన్నులు ఉంటాయి, వేలు పొడవున, గ్రీజు పూసి, రబ్బరు బూట్లు తొడిగి. కాలు తీసేశాక పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఏదీ లేదు. పిస్టన్ చుట్టూ చదరపు అంచులున్న ఒక రబ్బరు సీలు ఉంటుంది. పిస్టన్ ముందుకు వెళ్ళేటప్పుడు అది కొంచెం మెలి తిరుగుతుంది, ఒత్తిడి పోగానే తన ఆకారానికి తాను వచ్చేస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. మీ బ్రేకు వదలడం మొత్తం ఆ వెంట్రుకవాసి మీదే ఆధారపడి ఉంది. పిస్టన్ మీద కాస్త తుప్పు పొడిచినా, దుమ్ము పోకుండా బయట తొడిగే రబ్బరు డస్ట్ బూటు చిరిగి నీళ్ళూ ఇసకా లోపలికి పోయినా ఆ సీలు బలం చాలదు. పిస్టన్ అక్కడే నిలబడిపోతుంది, లోపలి ప్యాడ్ రోజంతా డిస్క్‌ను రాసుకుంటూ ఉంటుంది. బీచ్ పక్కన ఉప్పుగాలిలో పదిహేనేళ్ళున్న బండికి ఇది మామూలే.

ఇలాంటి అరుగుదల కనిపించగానే ఎక్కువమంది "స్లైడ్ పిన్నులు జామ్" అంటారు. చాలా బళ్ళలో అది నిజం కూడా. కానీ మీరు పంపిన అంకెలు వేరే మాట చెబుతున్నాయి. పిన్నులు పూర్తిగా పట్టేసి ఉంటే క్యాలిపర్ జరగదు, బయటి ప్యాడ్ పని చేయదు, అది దాదాపు కొత్తదానిలాగే మిగలాలి. మీ ఎడమ బయటి ప్యాడ్ 8 దగ్గర ఉంది. కుడి వైపువి కూడా దాదాపు అంతే. అంటే అది తన పని తాను చేస్తోంది, క్యాలిపర్ జరుగుతోంది. లోపలిది మాత్రం తన పని చేసి, బ్రేకు వదిలాక కూడా అరుగుతోంది. మాడు వాసన, నల్లబడే రిమ్ము, తగ్గిన మైలేజీ, అన్నీ ఇందులోంచి వచ్చినవే.

ఏటవాలుగా ఎందుకు అరిగిందన్నది ఇంకో ముక్క. చివరకూ చివరకూ ఒక మిల్లీమీటర్ తేడా చిన్నది కాదు. రెండు పిన్నుల్లో ఒకటి బిగుసుకుని క్యాలిపర్ కాస్త వంకరగా కూర్చున్నా అలా జరుగుతుంది. ప్యాడ్ రెండు కొసల్లో ఉండే చెవులు కూర్చునే గాడిలో, అక్కడుండే స్టీలు క్లిప్పుల కింద, తుప్పు పేరుకుని ప్యాడ్ ఒక పక్క ఇరుక్కున్నా జరుగుతుంది. ఇక్కడ షెడ్డుల పద్ధతి ఒకటి చెప్పాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు చాలామంది కింది బోల్టు ఒక్కటే విప్పి, క్యాలిపర్‌ను తలుపులా పైకెత్తి, పాతవి లాగి కొత్తవి పెట్టి మూసేస్తారు. ఇరవై నిమిషాల పని. పై పిన్ను బయటికి రానే రాదు. అలా ఏళ్ళ తరబడి గ్రీజు మొహం చూడని పై పిన్నులు ఎన్ని తీశానో లెక్కలేదు. మీ బండిది కూడా ఆ బాపతే అని నా అనుమానం.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు యథాలాపంగా రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. "పోయినసారి ప్యాడ్లు వేసేటప్పుడు ఎడమ వైపు పిస్టన్ లోపలికి పోక కుర్రాడు రాడ్డు పెట్టి అరగంట తంటాలు పడ్డాడు, కుడి వైపు చిటికెలో అయిపోయింది" అని రాశారు. అమ్మా, మొత్తం ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట అదే. మంచి పిస్టన్ అయితే, సీ-క్లాంప్ అనే మర పట్టు బిగించి దాని మర నెమ్మదిగా తిప్పితే మెత్తగా లోపలికి వెళ్ళిపోతుంది. అరగంట మొండికేసిందంటే రోగం ఆ రోజే బయటపడింది. అక్కడ ఆగి చూడాల్సింది పోయి బలం పెట్టి నెట్టేశారు.

మొండికేయడానికి కారణాలు రెండు. ఒకటి, పిస్టనే పట్టేసి ఉండటం. రెండోది, క్యాలిపర్‌కు వచ్చే రబ్బరు హోస్ పైపు లోపల ఉబ్బి మూసుకుపోవడం. పైకి నున్నగా బాగానే కనిపిస్తుంది. లోపల మాత్రం వానాకాలం ఉబ్బిన తలుపులా అయిపోతుంది. కాలితో తొక్కే బలానికి ఆయిల్ అటు వెళ్తుంది, తిరిగి రావడానికి దారి ఉండదు. హోస్ ఒక్కటే కారణమైతే రెండు ప్యాడ్లూ కలిసి అరగాలి కాబట్టి నా మొదటి అనుమానం పిస్టన్ మీదే. కానీ పాత బండిలో రెండు జబ్బులు కలిసి ఉండటం కొత్తేమీ కాదు. ఊహించి సామాను మార్చే బదులు తేల్చుకునే పద్ధతి ఒకటి ఉంది.

బండిని ఓ ఇరవై నిమిషాలు మెల్లగా, చుట్టుపక్కల రోడ్ల మీదే, బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ తిప్పి షెడ్డుకు తీసుకురావాలి. ముందు చక్రాల దగ్గర అరచెయ్యి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి చూడండి, డిస్క్‌ను ముట్టుకోకండి. ఎడమ వైపు సెగ కొడుతూ కుడి వైపు మామూలుగా ఉంటే అనుమానం సగం తీరినట్టే. ఆ వేడి మీదే జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రం చేత్తో తిప్పాలి. బరువుగా తిరుగుతుంటే క్యాలిపర్ వెనకున్న ఆయిల్ నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే తేలికైతే లోపల ఒత్తిడి చిక్కుకుని ఉందన్నమాట. అప్పుడు తప్పు హోస్‌ది, లేదా ఇంకా పైన, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌ది. మాస్టర్ సిలిండర్ తేడా చేస్తే మామూలుగా ఒక్క చక్రంతో ఆగదు కాబట్టి మీ బండిలో హోస్ అనే అనుకోవాలి. నిపుల్ వదులు చేసినా చక్రం అలాగే బరువుగా ఉంటే పిస్టన్ పట్టేసింది, లేదా ప్యాడ్ గాడిలో ఇరుక్కుంది. క్యాలిపర్ ఎత్తి ప్యాడ్‌ను వేళ్ళతో లాగితే ఈ రెండింటిలో ఏదో తెలిసిపోతుంది. సుత్తి అవసరమైతే గాడి, సులువుగా వచ్చేస్తే పిస్టన్.

ఒక జాగ్రత్త. సముద్రం పక్క బళ్ళలో ఆ నిపుల్ తుప్పుపట్టి విరిగిపోతూ ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచమనండి. స్ప్రే ప్యాడ్ల మీద, డిస్క్ మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి.

కారణం తేలాక మీ ముందు కొన్ని దారులు ఉంటాయి.

అన్నిటికన్నా చవకైంది సర్వీసింగ్. రెండు పిన్నులూ బయటికి తీసి, పాత గ్రీజు పూర్తిగా తుడిచి, గాడిలో తుప్పు గీకి, క్లిప్పులు కొత్తవి వేసి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పూయడం. కొన్ని వందల్లో అయిపోతుంది. చక్రాల బేరింగుకు వాడే మామూలు గ్రీజు మాత్రం వద్దనండి. అది రబ్బరును ఉబ్బిస్తుంది, నెల తిరక్కుండా పిన్ను మళ్ళీ బిగుసుకుంటుంది. కొన్ని కార్లలో రెండు పిన్నుల్లో ఒకదానికి చివర చిన్న రబ్బరు బుష్ ఉంటుంది. పైది కింద, కిందది పైన పెడితే కూడా క్యాలిపర్ పట్టేస్తుంది. విప్పేటప్పుడే ఫోటో తీసుకోండి. గాడిలోనో పిన్నులోనో రోగం ఉంటే ఇది చాలు. పిస్టన్‌ది అయితే చాలదు, మళ్ళీ ఆరు నెలల్లో ఇదే కథ. చాలామంది ఇక్కడితో ఆపేసి, తర్వాత బండిని తిట్టుకుంటారు.

రెండోది క్యాలిపర్ విప్పి సీల్ కిట్ వేయించడం. పిస్టన్ బయటికి తీసి, సీలూ డస్ట్ బూటూ కొత్తవి వేసి, బ్రేక్ ఆయిల్‌తోనే తడిపి కూర్చోబెడతారు. కిట్ ఖరీదు తక్కువే, పనితనమే ముఖ్యం. పిస్టన్ బయటికి తీసినప్పుడు మీరే స్వయంగా చూడండి. మెరిసే పైపూత మీద గోరుతో గీస్తే నున్నగా జారాలి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే పూత లేచిపోయినట్టు. ఎమెరీ పేపర్‌తో రుద్ది పెట్టేస్తామంటే ఒప్పుకోకండి. నాలుగు రోజులు బాగుండి, ఆ గరుకు కొత్త సీలును కోసేస్తుంది. ఆ పిస్టన్ మార్చాల్సిందే.

మూడోది ఎడమ క్యాలిపర్ మొత్తం కొత్తది వేయడం. వేలల్లో పని. పిస్టన్ ముందుకూ వెనక్కూ కదిలే గుంట లోపల కూడా తుప్పు గుంటలు పడి ఉంటే ఇక వేరే దారి లేదు. అవి లేకపోయినా, మీ దగ్గర కిట్ పని శుభ్రంగా చేసే చెయ్యి లేదనిపిస్తే ఇదే మేలు. స్క్రాప్ షాపులో దొరికే పాత క్యాలిపర్ తెచ్చి వేయడం కూడా ఒక అలవాటే. దాని పిస్టన్ ఏ స్థితిలో ఉందో మీకు తెలియదు. కిట్ మార్చకుండా అది వేస్తే ఒక జబ్బు తీసి ఇంకోటి తెచ్చుకున్నట్టు.

వీటిలో ఏది చేయించినా మూడు పనులు మాత్రం తప్పవు. ప్యాడ్లు రెండు చక్రాలకూ కలిపే మార్చాలి, కుడివి బాగున్నాయి కదా అని ఎడమవి మాత్రమే వేస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు. ఎడమ డిస్క్‌ను కొలవాలి. కనీసం ఎంత మందం ఉండాలో డిస్క్ అంచు మీదో మధ్యలోనో అచ్చు వేసి ఉంటుంది, అంతకు తగ్గితే మార్చడమే, లేత్ మీద చెక్కించినా లాభం లేదు. మూడోది బ్రేక్ ఆయిల్.

దాని గురించి కొంచెం చెప్పాలి. నాన్నగారు గ్లవ్ బాక్సులో సర్వీసు డైరీ పెట్టేవారని, అందులో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు చివరిసారి రాసింది 2018లో అని మీరే రాశారు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. డాట్ 3 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. ఆ తేమే పిస్టన్‌ను లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. అంటే మీ ఎడమ పిస్టన్‌కు బయట్నుంచి ఉప్పుగాలి, లోపల్నుంచి పాత ఆయిల్, రెండూ తగిలాయి. ఇక ఘాట్‌లో రాసుకుంటూ వేడెక్కే చక్రానికి ఆ పాత ఆయిల్ తోడైతే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా, అదే రిజర్వాయర్, మూత మీద ఏ డాట్ రాసి ఉందో అదే పోయించి, నాలుగు చక్రాల దగ్గరా పైపుల్లో చిక్కిన ఎయిర్ తీయించండి. నన్నడిగితే ముందు హోస్ పైపులు రెండూ కూడా అప్పుడే మార్పించేస్తాను. పరీక్షలో హోస్ బాగుందని తేలినా సరే. రబ్బరుకు పదిహేనేళ్ళంటే చాలా ఎక్కువ, ఆయిల్ ఎలాగూ తీస్తున్నారు కాబట్టి కూలి కలిసొస్తుంది.

వెనక చక్రాల డ్రమ్ములు కూడా ఒకసారి విప్పి చూడమనండి. డ్రమ్ము లోపల ప్యాడ్ల పని చేసే లైనింగు సరిగా పట్టకపోతే ముందు ప్యాడ్ల మీద భారం పెరుగుతుంది. మీ సమస్యకు అది కారణం కాదు, కానీ ఇన్నాళ్ళలో అవి ఎవరూ చూసినట్టు లేరు.

ఇప్పుడు బాబాయ్ సంగతి.

మోసం చేసే మనిషి తీసేసిన ప్యాడ్లు మీ డిక్కీలో వదిలిపెట్టడు. స్కేలు పెట్టి ఫోటోలు తీసుకోనివ్వడు. నాకు కనిపిస్తున్నది తీరిక లేని షెడ్డు. కుర్రాళ్ళు విప్పి బిగిస్తుంటారు, పెద్దాయన చివర్లో వచ్చి పెడల్ తొక్కి చూసి పంపేస్తారు. కుర్రాడు అరగంట తంటాలు పడ్డ సంగతి ఆయన చెవిన పడి ఉండకపోవచ్చు. మీ కాలి మీదికి తోయడం మాత్రం ఆయన తప్పే, ఆ మాటకు మీరు నొచ్చుకోవడం న్యాయమే.

ఆయన దగ్గరికి ఫిర్యాదులా వెళ్ళకండి. కవర్లో ఉన్న పాత సెట్టు తీసుకెళ్ళి బల్ల మీద వరసగా పేర్చండి, ఎడమ లోపలిది, ఎడమ బయటిది, కుడివి రెండు. "బాబాయ్, ఇవి ఒకసారి మీరు చూడండి. నా కాలు అయితే నాలుగూ అరగాలి కదా. పోయినసారి ఈ పిస్టన్ దగ్గర కుర్రాడు అరగంట కష్టపడ్డాడు" అనండి. అంతకు మించి మాట అవసరం లేదు. ఆ పనిలో జుట్టు నెరిసిన మనిషి ఆ నాలుగు ముక్కలూ చూసి, తానే వంగి చక్రం దగ్గర కూర్చోవాలి. అలా కూర్చుంటే పని ఆయన చేతే చేయించండి. నిపుల్ పరీక్ష మీ ఎదురుగా చేయమని అడగండి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఆయన ఆ ముక్కలు చూసి కూడా "ప్యాడ్లు వేసేస్తా, చూద్దాం" అంటే అప్పుడు ఇంకో చోటికి వెళ్ళండి. ఆయనతో చెప్పే వెళ్ళండి. "ఒక్క ఈ పని బయట చూపిస్తాను బాబాయ్, అమ్మను అరకు తీసుకెళ్ళాలి, నాకు టెన్షన్‌గా ఉంది" అంటే చాలు. కాస్త నొచ్చుకోవచ్చు. కానీ మూడు రోజులు షెడ్డు మూసుకుని మీ ఇంట్లో కూర్చున్న మనిషి దీంతో దూరమైపోరు. చెప్పకుండా వెళ్ళి, తర్వాత ఆయనకు ఎవరి ద్వారానో తెలిస్తేనే బాధ ఎక్కువ. కొత్త చోట ఖర్చు ఎక్కువ కావచ్చు, పాత కథ మొదట్నుంచీ చెప్పుకోవాల్సి రావచ్చు. ఆ కథ చెప్పడానికి మీ ఫోటోలూ ఆ కవరూ ఉన్నాయి.

అమ్మడం గురించి. మీ వారు అన్నదాంట్లో సగం నిజం ఉంది. పదిహేనేళ్ళకు రబ్బరు సామాను అంతా గట్టిపడుతుంది, ఇవాళ బ్రేకు, రేపు ఇంకోటి. కానీ ఆర్‌సీ నిరుడే ఇంకో అయిదేళ్ళకు రెన్యువల్ అయిందని రాశారు, ఇంజన్ బాగుందంటున్నారు. బ్రేకు ఖర్చు ఒక్కటే చూసి అమ్మాలనుకుంటే తొందరపడినట్టే అవుతుంది. క్యాలిపర్ కొత్తది వేసినా, హోస్‌లు, ఆయిల్, ప్యాడ్లు అన్నీ కలిపినా, ఇంకో బండి మీద కట్టే మొదటి రెండు నెలల ఈఎంఐతో దాదాపు తీరిపోయే పని ఇది. అలా కాకుండా బాడీ కింద, జాకీ పెట్టే చోట తుప్పు తినేసి ఉంటే అది వేరే మాట. షెడ్డులో బండి పైకెత్తినప్పుడే కింద స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూపించమనండి. రేకు గట్టిగా ఉంటే ఉంచుకోండి. మెత్తగా దిగబడితే నేను కూడా మీ వారి పక్షమే. ఒకవేళ అమ్మే ఉద్దేశం ఉన్నా ఈ బ్రేకు బాగుచేయించాకే అమ్మండి, కొనుక్కున్నవాళ్ళ ఇంట్లో కూడా ఒక అమ్మ ఉంటుంది.

అరకు ప్రయాణం మానుకోకండి. పని పూర్తయ్యాక ఒక పది రోజులు ఊళ్ళో నడిపి, రెండు ముందు చక్రాల సెగ ఒకేలా ఉందని రెండుమూడుసార్లు చూసుకుని బయల్దేరండి. అరకు దారిలో అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి, రెండో గేరు మీద ఇంజనే బండిని చాలావరకు పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపు ముందు గట్టిగా తొక్కి వదిలేయండి. వాసన వస్తే చదునైన చోట పక్కకు ఆపి, చక్రానికి రాయి పెట్టి, అరగంట చల్లారనివ్వండి. కాలిన డిస్క్ మీద నీళ్ళు పోయకండి, వంకర తిరుగుతుంది.

నాన్నగారి డైరీలో ఒక కొత్త పేజీ తీసి కిలోమీటర్ రీడింగ్ వేసి, నాలుగు ప్యాడ్ల మందం, ఆయిల్ మార్చిన తేదీ రాసి పెట్టుకోండి. 2,000 కిలోమీటర్లు తిరిగాక చక్రాలు విప్పించి మళ్ళీ నాలుగు అంకెలూ రాయండి. ఎడమ చక్రంలో లోపలిదానికీ బయటిదానికీ తేడా అర మిల్లీమీటర్ లోపు ఉంటే పని కుదిరినట్టు. ఒకటి దాటితే ఏదో ఇంకా పట్టేసే ఉంది, ఆ అంకెలు నాకు పంపండి, ఇద్దరం కలిసి చూద్దాం.